కోనసీమ తేమలో మైనింగ్ రిగ్గు నడపడం ఎలా

"అన్నా, రిగ్గు ఆన్ అవ్వట్లేదు. నిన్న రాత్రి దాకా బాగానే నడిచింది." వానాకాలంలో నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. రిగ్గంటే క్రిప్టో నాణేలు తవ్వడానికి, అంటే ఆ నెట్‌వర్కు లెక్కలు చేసిపెట్టి బదులుగా నాణేలు సంపాదించడానికి, గ్రాఫిక్స్ కార్డులు బిగించిన కంప్యూటర్. నేను తిరిగి అడిగేది ఒక్కటే: రాత్రి కరెంటు ఎంతసేపు పోయింది?

గోదావరి డెల్టాలో ఇది ముందు తెలుసుకోవాల్సిన సంగతి. నడుస్తున్న రిగ్గు వేడిగా ఉంటుంది, దాని మీద తేమ నిలవదు. ఆగిన రిగ్గే తడుస్తుంది. నాలుగైదు గంటలు కరెంటు పోయి బయట ముసురు పడుతుంటే, కార్డుల మీది దుమ్ము గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రాజోలు, అంతర్వేది, నరసాపురం వైపైతే ఆ దుమ్ములో ఉప్పు కూడా ఉంటుంది. అప్పుడు కరెంటు వచ్చి రిగ్గు దానంతటది ఆన్ అయిందంటే, తడి సర్క్యూటు మీద 12 వోల్టులు పారినట్టే. వీడియోల్లో రిగ్గు బిగించడం చూపించేవాళ్లది ఏ చలిదేశమో. వాళ్ల సలహాల్లో ఈ మాట ఉండదు. అందుకే మన ఊళ్లకి సరిపడేలా మొదటి నుంచి చెబుతాను.

ముందు మీటరు దగ్గర లెక్క

స్క్రూడ్రైవర్ ముట్టుకోక ముందే కరెంటు బిల్లు తీసి పక్కన పెట్టుకోండి. నాలుగు పాత గ్రాఫిక్స్ కార్డుల రిగ్గు అనుకుందాం. కార్డుకి 110 వాట్ల చొప్పున 440. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఫ్యాన్లు కలిపి ఇంకో 70. మొత్తం 510. ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని రిగ్గుకి సరిపడేలా మార్చే డబ్బా, తీసుకున్నదంతా లోపలికి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. 88 శాతం సామర్థ్యం ఉన్నదైతే ప్లగ్గు దగ్గర 580 వాట్లు లాగుతుంది. రోజుకి దాదాపు 14 యూనిట్లు, నెలకి 418.

ఏపీలో ఇంటి కనెక్షన్‌కి 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్టు 8 రూపాయల 75 పైసలు, ఆ పైన 9 రూపాయల 75 పైసలు. ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ బిల్లు వెనక చూసుకోండి. ఇంట్లో ముందే 200 యూనిట్లు కాలుతుంటే, రిగ్గు ఒక్కదాని వల్ల పెరిగే బిల్లు 3,800 పైమాటే. సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. ఇప్పుడు వాట్‌టుమైన్ సైటులో మీ కార్డుల పేర్లు, వాట్లు వేసి నెలకి ఎంత వస్తుందో చూడండి. అక్కడ కరెంటు రేటు ముందుగానే 0.1 డాలరు అని ఉంటుంది. మన పై శ్లాబు దానికి కాస్త ఎక్కువే పడుతుంది, సరిచేసుకోండి.

నా మాట అడిగితే, ఇంటి కరెంటు మీద పాత కార్డులతో లాభం తీయాలంటే కష్టం. ఇంట్లో కార్డులు ఉట్టినే పడి ఉన్నాయి, పని నేర్చుకోవాలి, నాణేలు దాచుకుని ఎప్పుడో చూసుకుంటాను అనేవాళ్లు చేయవచ్చు. అప్పు చేసి రిగ్గు కొనేవాళ్లకి మాత్రం నేను బిగించి ఇవ్వను. "క్లౌడ్ మైనింగ్ యాప్‌లో పదివేలు కడితే రోజుకి ఇంత" అనేవాళ్ల జోలికి అసలు పోవద్దు. అక్కడ మీకు రిగ్గే కనబడదు.

ఇక్కడికి వచ్చేసరికి కొందరికి చెరువు గట్టు గుర్తొస్తుంది. అర్హత ఉన్న రొయ్యల రైతులకి యూనిట్టు రూపాయిన్నరకే ఇస్తున్నారు, పొలం మోటారుకి ఉచితం. "షెడ్డులో ఓ మూల పెట్టేస్తే పోలా?" అని మా బావే అడిగాడు. ఒక పనికి ఇచ్చిన కనెక్షన్‌ని ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. వాడిన పనికి వర్తించే రేటుకి రెట్టింపు కట్టించుకుంటారు. ఇంట్లో అయినా దీన్ని వ్యాపారంగా పెట్టుకుంటే కమర్షియల్ కేటగిరీకి మార్చుకోవాల్సిందే.

పన్ను సంగతి కూడా ఇప్పుడే వినేయండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. ఆ ఏడాది జూలై 1 నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయడానికి లేదు. మైనింగ్ సామగ్రికి పెట్టిన ఖర్చుని కొన్న ధర కింద చూపించడానికి కూడా లేదని 2022 మార్చిలో పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. ఏ రోజు ఎన్ని నాణేలు వచ్చాయి, ఆ రోజు ధర ఎంత అని నోటుబుక్కులో రాసుకోండి. ఆడిటర్ దగ్గరికి వెళ్లినప్పుడు అది అక్కరకొస్తుంది.

ఏ నాణెం

కంప్యూటర్‌తో బిట్‌కాయిన్ తవ్వే రోజులు ఎప్పుడో పోయాయి. దానికి ఏసిక్ అనే ప్రత్యేక యంత్రాలున్నాయి, వాటి రొద పిండిమర రొదే. ఎథీరియమ్ 2022 సెప్టెంబరు 15న మైనింగ్ పద్ధతినే వదిలేసింది. ఆ రోజుతో చాలా ఊళ్లలో రిగ్గులు అటకెక్కాయి, సెకండ్ హ్యాండ్ కార్డులు కుప్పలుగా బజారులోకి వచ్చాయి. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి మిగిలినవాటిలో తెలిసిన పేర్లు ఎథీరియమ్ క్లాసిక్, రావెన్‌కాయిన్, ఎర్గో. రావెన్‌కాయిన్ కార్డు కోర్‌ని, అంటే లెక్కలు చేసే చిప్పుని, బాగా వాడుతుంది కాబట్టి వేడీ, వాట్లూ ఎక్కువ. మన వేసవికి క్లాసిక్ నయం.

కార్డులు లేవు, మంచి డెస్క్‌టాప్ ఒకటే ఉందంటే మొనెరో చూడండి. అది ప్రాసెసర్‌తోనే తవ్వేది. ప్రాసెసర్ ఒకేసారి చేసే ప్రతి పనికీ (థ్రెడ్డుకీ) దాని లోపలి మెమరీ, అంటే ఎల్3 క్యాష్, 2 ఎంబీ, మొత్తానికి 2 జీబీకి పైగా ర్యామ్ కావాలి. రెండు నిమిషాలకో బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, తయారవుతుంది. బ్లాకుకి 0.6 నాణెం. అంటే ప్రపంచం మొత్తానికి రోజుకి 432 మొనెరోలు. అందులో మీ వాటా ఎంతో లెక్క కట్టుకుంటే ఉత్సాహం దానంతటదే అదుపులోకి వస్తుంది. పైగా అది ప్రైవసీ నాణెం, ఎవరు ఎవరికి పంపారో బయటికి కనబడదు. నాణేలు కొని అమ్మే పెద్ద ఎక్స్ఛేంజి బైనాన్స్ 2024 ఫిబ్రవరిలో దాన్ని తీసేసింది. తవ్వడం మొదలుపెట్టే ముందే ఎక్కడ అమ్ముతారో చూసుకోండి.

సామాను

మదర్‌బోర్డు, చిన్న ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత ఎస్‌ఎస్‌డీ ఒకటి, మంచి ఎస్‌ఎంపీఎస్, రైజర్లు (కార్డుని బోర్డుకి దూరంగా పెట్టి వైరుతో కలిపే చిన్న పలకలు), ఇనుప లేదా చెక్క ఫ్రేము. ఇవన్నీ పాతవైనా ఫర్వాలేదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తది, పేరున్నది కొనండి. దాని వాట్లలో 80 శాతం మించి లాగనివ్వకండి. మన 510 వాట్ల లెక్కకి 750 వాట్లది తీసుకుంటే నిశ్చింత.

కార్డుకి కనీసం 6 జీబీ మెమరీ ఉండాలి, 8 ఉంటే మేలు. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు అమ్మేవాడి మాట వినడం కన్నా కార్డుని ముక్కు దగ్గర పెట్టుకోవడం మంచిది. కాలిన వాసన తెలిసిపోతుంది. స్క్రూల మీద, హెచ్‌డీఎంఐ నోటి దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటే అది ఉప్పుగాలి తిన్న కార్డు, వద్దు. ఫ్యాన్లని వేలితో తిప్పి చూడండి, గరగరమంటే బేరం తగ్గించండి. అరగంట లోడు మీద నడిపి చూపించమనండి. చూపించనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

రైజర్ల దగ్గర పిసినారితనం వద్దు. మదర్‌బోర్డు స్లాటు గానీ, దాని బదులు పెట్టిన రైజర్ గానీ కార్డుకి 75 వాట్ల దాకా ఇవ్వాల్సి వస్తుంది. హార్డ్ డిస్కులకి పెట్టే సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు. రైజర్‌తో పాటు వచ్చే సాటా కన్వర్టర్ వైరు వాడి ప్లాస్టిక్కు కరగబెట్టుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. 6 పిన్నుల నోరున్న రైజరే కొనండి, దానికి ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన పీసీఐఈ వైరే (గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు ఇచ్చేది) పెట్టండి. కార్డుకీ దాని రైజర్‌కీ కరెంటు ఒకే ఎస్‌ఎంపీఎస్ నుంచి రావాలి.

ఎక్కడ పెట్టాలి

580 వాట్లు లాగితే 580 వాట్ల వేడీ గదిలోకే వస్తుంది. రాత్రీ పగలూ చిన్న రూమ్ హీటరు వేసి ఉంచినట్టు. మేడ మీద రేకుల గది వద్దు, ఏప్రిల్ వచ్చేసరికి అది పొయ్యి అవుతుంది. ఏసీ గదిలో పెట్టినవాళ్లు ఏసీ బిల్లుతో మునిగారు. పాత పెంకుటింటి వసారా చుట్టూ జాలీ వేసి పెడితే బాగుంటుంది, పైకప్పు ఎత్తు కాబట్టి వేడి పైకి పోతుంది. డాబా ఇల్లయితే పైరగాలి వచ్చే దక్షిణం వైపు కింద ఒక కన్నం, ఎదురు గోడకి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను. రిగ్గు ఫ్యాన్లు కూడా గాలిని అటే తోయాలి. ఎదురెదురు తిప్పితే వేడి గాలే గదిలో చుట్టూ తిరుగుతుంది.

బెంచీ నేల నుంచి మూడడుగులైనా ఎత్తు ఉండాలి. లంక ఊళ్లవాళ్లకి ఇది చెప్పనక్కరలేదు, 2022 జూలై వరద ఇళ్లలోకి ఎంత వచ్చిందో గోడ మీద గీతలు ఇంకా ఉన్నాయి. బెంచీ కాళ్లని నీళ్ల గిన్నెల్లో పెట్టండి, మన అమ్మమ్మలు పాల గూటికి పెట్టినట్టు. చీమలు వెచ్చదనానికి ఎస్‌ఎంపీఎస్‌లో కాపురం పెడతాయి. బల్లి దూరిందంటే అది చచ్చేది ఎప్పుడూ ఫేజుకీ బాడీకీ మధ్యే. దోమతెర లాంటి సన్నని జాలీ బల్లిని ఆపుతుంది, కానీ నెలకోసారి దులపకపోతే గాలినీ ఆపేస్తుంది.

రైసు మిల్లు పక్కన ఇల్లా? ఊక దుమ్ము పదిహేను రోజుల్లో హీట్ సింకుని దుప్పటిలా కప్పేస్తుంది. కొబ్బరి పీచు పరిశ్రమల దగ్గరా అంతే. అలాంటి చోట రిగ్గు పెట్టొద్దనే అంటాను.

వైరింగ్

580 వాట్లంటే రెండున్నర ఆంపియర్లు, మిక్సీ అంత. కానీ మిక్సీ పది నిమిషాలు తిరుగుతుంది, ఇది ఆగదు. అందుకే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, మీటరు బోర్డు నుంచి విడిగా వైరు, దానికి వేరే ఎంసీబీ. సంతలో దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద రిగ్గు నడపొద్దు. మొదటి వారం రోజూ ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే లోపల స్క్రూ వదులుగా ఉంది.

మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీసుకోండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు. చివరిది పది, ఇరవై చూపిస్తే ఎర్తింగ్ చూపించుకోవాలి. డెల్టా నేలలో అడుగు తవ్వితే తడే కాబట్టి ఎర్తింగ్ మనకి తేలిక. బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తీసిన పాత ఇళ్లలో రాడ్డు తుప్పు పట్టి తెగిపోయి ఉండవచ్చు, అదొక్కటి తవ్వి చూడండి.

స్టెబిలైజర్ తప్పనిసరి. లోవోల్టేజి ఒక భయమైతే న్యూట్రల్ తెగడం అంతకన్నా పెద్ద భయం. స్తంభం మీద న్యూట్రల్ ఊడిందంటే మీ ఇంట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. హై కటాఫ్, కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి ఇచ్చే టైమ్ డిలే ఉన్న 2 కేవీఏ స్టెబిలైజర్ తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద రిగ్గు పెట్టకండి, బ్యాటరీ రెండు గంటల్లో ఖాళీ అవుతుంది. ఇన్వర్టర్ మీద పెట్టాల్సింది ఇంటర్నెట్ మోడెమ్.

బిగించే రోజు

ఒకేసారి నాలుగు కార్డులూ బిగించి స్విచ్చి వేయడం అందరూ చేసే తప్పు. ముందు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మాత్రమే పెట్టి మానిటర్ మీద బొమ్మ వచ్చేలా చూసుకోండి. అప్పుడు బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి, వెళ్లి ఈ మార్పులు చేయండి: ఎబోవ్ 4జీ డీకోడింగ్ ఆన్ (ఎక్కువ కార్డులని బోర్డు గుర్తించడానికి), కార్డుల స్లాటు (పీసీఐఈ) వేగం జెన్ 1 లేదా జెన్ 2, మొదటి డిస్‌ప్లేగా బోర్డులో ఉన్నదే, సౌండు ఆఫ్. కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు కూడా అక్కడే ఉంటుంది. అన్ని వీడియోల్లోనూ దాన్ని ఆన్ చేయమంటారు. నేను జనవరి నుంచి మే దాకా ఆన్‌లో ఉంచుతాను, జూన్ నుంచి డిసెంబరు దాకా ఆఫ్. ఎందుకో పైనే చెప్పాను.

తర్వాత ఒక కార్డు. అది పావుగంట సాఫీగా నడిచాక ఆపి రెండోది. ప్రతిసారీ ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్చి కట్టేసి మాత్రమే వైర్లు ముట్టుకోండి. ఏ రైజర్ ఏ స్లాటుకి వెళ్లిందో ఇంజెక్షన్ టేపు మీద నంబరు రాసి అంటించండి. రెండు నెలలకి ఏదో పాడైనప్పుడు ఆ టేపు విలువ తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్, వాలెట్, పూల్

విండోస్ మీద చేయవచ్చు గానీ అప్‌డేట్ అంటూ అర్ధరాత్రి రీస్టార్ట్ అవుతుంది. రిగ్గు కోసమే తయారైన హైవ్ ఓఎస్ లాంటివి లినక్స్ మీద నడుస్తాయి, ఫోనులోంచే చూసుకోవచ్చు. వాళ్ల సైటు నుంచి ఇమేజి దించి ఎస్‌ఎస్‌డీలోకి రాసి బూట్ చేయడమే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా అసలు సైటు నుంచే దించాలి. ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన ఫైలులో వాలెట్ అడ్రసు వాళ్లదే ఉంటుంది.

వాలెట్, అంటే నాణేలు దాచుకునే యాప్, తెరిచినప్పుడు 12 లేదా 24 పదాలు ఇస్తుంది. అవి మీ నాణేలకి తాళంచెవి. ఫోటో తీయకండి, కాగితం మీద పెన్సిల్‌తో రెండు ప్రతులు రాయండి. జెల్ పెన్ను సిరా మన తేమకి అలుక్కుపోతుంది. ఒకటి లామినేషన్ చేయించకుండా ఇంట్లోనే ప్లాస్టిక్కు కవరులో పెట్టుకోండి. లామినేషన్ షాపువాడు చదివేస్తాడు కదా! రెండోది చెదలు పట్టని చోట, వేరే ఇంట్లో.

పూల్ అంటే పదిమందీ కలిసి తవ్వి, చేసిన పనిని బట్టి పంచుకునే చీటీ లాంటిది. ఫీజు సాధారణంగా ఒక శాతం దగ్గర, తవ్వే ప్రోగ్రాము (మైనర్ సాఫ్ట్‌వేర్) రాసినవాళ్లు ఇంకో శాతం దాకా తీసుకుంటారు. సర్వర్ సింగపూర్ లాంటి దగ్గరి చోటుది ఎంచుకోండి. మైనింగ్‌కి డేటా పెద్దగా కాలదు, కావలసింది తెగిపోని కనెక్షన్. వైఫై వద్దు, మోడెమ్ నుంచి ల్యాన్ వైరు లాగండి. వాలెట్ అడ్రసు అతికించాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కళ్లతో సరిచూసుకోండి.

ట్యూనింగ్

చాలామంది వేగం పెంచాలని చూస్తారు. మనకి కావలసింది వాట్లు తగ్గించడం. ఆర్‌ఎక్స్ 580 8 జీబీ కార్డుతో ఎథీరియమ్ క్లాసిక్ తవ్వుతుంటే సెకనుకి 30 మెగాహ్యాష్‌ల దగ్గర వస్తుంది, అంటే మూడు కోట్ల లెక్కలు. దీన్నే హ్యాష్‌రేటు అంటారు. దానికి మెమరీ వేగమే ముఖ్యం, కోర్ కాదు. అందుకని కోర్ క్లాక్‌ని, అంటే దాని వేగాన్ని, 1150 మెగాహెర్ట్జ్ దగ్గరికి దించి, ఓల్టేజిని 850 మిల్లీవోల్టుల దగ్గర పెట్టి చూడండి. స్థిరంగా నడిస్తే ఇంకో 10 తగ్గించండి. ఎక్కడో ఒకచోట ఫ్రీజ్ అవుతుంది, అక్కడి నుంచి 20 పైకి వచ్చి ఆగండి. మెమరీ వేగాన్ని చివరగా, కొద్దికొద్దిగా పెంచండి.

ఈ పని మే నెల మధ్యాహ్నం చేయండి. డిసెంబరు తెల్లవారుజామున చక్కగా కుదిరిన సెట్టింగు వడగాలిలో నిలబడదు. కోర్ 70 డిగ్రీలు దాటకూడదు. మెమరీ వేడి చూపించే కార్డయితే అది 95 లోపు ఉండాలి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 దగ్గర తనే వేగం తగ్గించేసుకుంటుంది, అంతదాకా పోనివ్వడం కార్డుకి మంచిది కాదు.

ఆగిపోతే ఎక్కడ వెతకాలి

నియమం ఒకటే: ఒకసారికి ఒక్క మార్పు. మూడు వైర్లు ఒకేసారి మార్చాక రిగ్గు నడిస్తే దేనివల్ల నడిచిందో మీకు తెలియదు, మళ్లీ అదే వస్తుంది.

అసలు ఆన్ కాకపోతే, బయట ముసురుగా ఉంటే, ముందు ఏమీ చేయకండి. ప్లగ్గు పీకేసి టేబుల్ ఫ్యాను ఎదురుగా రెండు గంటలు పెట్టండి. హెయిర్ డ్రైయర్ ఉంటే తక్కువ వేడి మీద, జానెడు దూరం నుంచి. ఆరిపోయాక రైజర్ల కరెంటు వైర్లు అన్నీ పీకి, కార్డులు లేకుండా ఆన్ చేయండి. ఆన్ అయిందంటే తప్పు కార్డుల వైపు, ఒక్కొక్కటే కలుపుతూ పోతే ఏది పట్టి ఆపేస్తోందో దొరుకుతుంది. కార్డులు లేకపోయినా ఆన్ కాకపోతే ఎస్‌ఎంపీఎస్‌ని బోర్డు నుంచి విడదీసి, పెద్ద కనెక్టర్‌లోని ఆకుపచ్చ వైరునీ ఏదో ఒక నల్ల వైరునీ చిన్న తీగతో కలపండి. ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ కనీసం ప్రాణంతో ఉంది. కొన్నిటిలో లోడు లేకుండా ఫ్యాను తిరగదు, వాటికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో మీటరు పెట్టి చూడాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ లేదు. ర్యామ్ తీసి బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ నొక్కండి. మన తేమకి ఈ ఒక్క పనే సగం బోర్డులని బతికిస్తుంది. బోర్డు మీది చిన్న గుండ్రటి బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టి చూడండి. మళ్లీ పెట్టాక బయోస్ సెట్టింగులు పోతాయి, 4జీ డీకోడింగ్ గుర్తుపెట్టుకుని ఆన్ చేయాలి. లేకపోతే మూడో కార్డు దగ్గర మళ్లీ ఆగిపోయి కొత్త టెన్షన్.

నాలుగింట్లో ఒక కార్డు కనబడకపోతే తప్పు చాలాసార్లు కార్డుది కాదు. ముందు రైజర్ యూఎస్‌బీ వైరు మార్చండి, తర్వాత రైజర్, తర్వాత స్లాటు. అప్పటికీ రాకపోతే కార్డుని రైజర్ లేకుండా నేరుగా బోర్డులో పెట్టి చూడండి. అక్కడా రాకపోతే అప్పుడు కార్డుని అనుమానించండి.

కాసేపు నడిచి ఫ్రీజ్ అవడం అన్నిటికన్నా చిరాకు పెట్టేది. ఏ టైముకి ఆగుతోందో వారం రోజులు రాయండి. మధ్యాహ్నాలైతే వేడి. ఎప్పుడంటే అప్పుడు, కానీ ఎప్పుడూ అదే కార్డు అయితే దాని ఓల్టేజి మరీ తగ్గించేశారు లేదా మెమరీ వేగం మరీ పెంచేశారు. భీమవరం వైపు ఒక కుర్రాడి రిగ్గు రోజూ రాత్రి తొమ్మిదీ పదీ మధ్య ఆగేది. మూడుసార్లు ఓఎస్ మార్చాడు, రెండు రైజర్లు కొన్నాడు. నేను వెళ్లి చేసింది సాయంత్రం నుంచి మల్టీమీటర్ పట్టుకుని కూర్చోవడమే. రాత్రిపూట చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి చుట్టుపక్కల ఏరియేటర్లన్నీ ఒక్కటొక్కటే ఆన్ అవుతున్నాయి. ఒక్కో మోటారు అందుకున్నప్పుడల్లా ఓల్టేజి కిందికి జారుతోంది, 170కి వచ్చిన క్షణంలో రిగ్గు ఆగింది. స్టెబిలైజర్ పెట్టాక ఆ ఫోను మళ్లీ రాలేదు.

హ్యాష్‌రేటు మెల్లగా తగ్గుతుంటే దుమ్ము లేదా ఎండిన థర్మల్ పేస్టు (చిప్పుకీ హీట్ సింకుకీ మధ్య పూసేది). బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిరగిరా తిరిగి బేరింగు పోతుంది. పేస్టు మార్చేటప్పుడు మెమరీ చిప్పుల మీది ప్యాడ్లు చిరిగితే అదే మందం కొత్తవి వేయాలి. పాతదాని మందం కొలిచి పెట్టుకోకుండా విప్పొద్దు. చిలుము కనబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్షు. పెట్రోలు, శానిటైజర్ వద్దు.

షేర్లు, అంటే మీ రిగ్గు పూల్‌కి పంపే జవాబులు, రిజెక్ట్ అవుతుంటే రకం చూడండి. స్టేల్ అంటే మీ జవాబు ఆలస్యంగా చేరింది, ఇంటర్నెట్ లేదా దూరపు సర్వర్. ఇన్‌వ్యాలిడ్ అంటే కార్డు తప్పు లెక్క చేసింది, మెమరీ వేగం తగ్గించండి. నూటికి ఒకటీ అరా పోవడం మామూలే. పూల్ పేజీలో హ్యాష్‌రేటు గంటగంటకీ ఎగిరి పడుతున్నా కంగారు పడకండి, అది దొరికిన షేర్లని బట్టి కట్టిన అంచనా. 24 గంటల సగటు చూడండి. అక్కడ సున్నా ఉంటే వాలెట్ అడ్రసో, నాణెం పేరో తప్పు పడింది.

కాలిన వాసన వచ్చిందా, గోడ స్విచ్చి కట్టేశాకే మిగతా ఆలోచన. ఏ కనెక్టర్ నల్లబడిందో చూడండి. నల్లబడినదాన్ని గీకి మళ్లీ వాడొద్దు, వైరుతో సహా పారేయండి.

తుపాను చెప్పినప్పుడు

1996 నవంబరు 6 తుపానుని చూసిన కోనసీమ పెద్దవాళ్లు ఆకాశం చూసే చెప్పేస్తారు, మీరు వాతావరణ శాఖ హెచ్చరిక చూసి చెప్పుకోండి. గాలి మొదలవకముందే మైనర్ ఆపి, మామూలుగా షట్‌డౌన్ చేసి, ప్లగ్గూ ల్యాన్ వైరూ రెండూ గోడ నుంచి పీకేయండి. పిడుగు కరెంటు వైరులోంచే రావాలని లేదు, ల్యాన్ వైరులోంచి బోర్డు పోయినవీ చూశాను. రిగ్గు పూర్తిగా చల్లారాక కార్డులు విప్పి, ఒక్కోదాన్ని గట్టి ప్లాస్టిక్కు సంచిలో రెండు సిలికా జెల్ పొట్లాలతో మూటగట్టి అటక మీద పెట్టండి. వేడిగా ఉండగా కడితే లోపలే చెమటపడుతుంది.

తుపాను వెళ్లాక కరెంటు వచ్చిన మొదటి రోజు ఏమీ కలపకండి. లైన్‌మన్లు ఫీడర్లు సరిచేస్తుంటారు, కరెంటు పదిసార్లు వచ్చి పోతుంది. రెండో రోజు ఓల్టేజి కొలిచి, ఎర్త్ చూసి, బోర్డుని ఫ్యాను గాలికి ఆరబెట్టి, ఒక కార్డుతో మొదలుపెట్టండి. అది పావుగంట నడిచాక రెండోది.